కొలను దొర తాంబూలం

1934లో నాకు పదమూడేళ్లు. ఆ ఏడాది కార్తీకంలో నేనొక కూడిక తప్పు చేశాను. అది తప్పని నాలుగో రోజునే తెలిసింది. అప్పుడు చెప్పలేదు.

మా నాన్నగారు ఏలూరులో బడిపంతులు. సెలవుల్లో పాత శాసనాలు చదివేవారు. ఒకప్పుడు కొల్లేటి సీమను ఏలిన సామంతులకు ‘సరోనాథుడు’ అన్న బిరుదు ఉండేదని, అంటే కొలనుకు ప్రభువని, ఓరుగల్లు రాజులు ఆ సీమను గెలిచాక సామంతులూ బిరుదూ రాజ్యంలో కలిసిపోయాయని ఆయన చెప్పేవారు. గెలిచినవాళ్ల అధికారే ఆ కొలను పేరును తన పేరు ముందు పెట్టుకున్నాడట.

కొల్లేటి లంకల్లో ఒక ఊరికి పెద్ద, చేపల వేట ఇంటివాడు ఒకాయన ఉండేవాడు, అప్పటికే డెబ్బై దాటాయి. తొలి వేటకు దోనెలు దింపే రోజు మొదటి తాంబూలం ఆయనదే. ఆయన అందుకున్నాకే ఎవరైనా దోనె తోసే గడ నీళ్లలో వెయ్యాలి. ఊరంతా ఆయన్ను కొలను దొర అనేది. ఆఖరి సరోనాథుడే తమ పెద్దలకు ఈ మర్యాద ఇచ్చాడని చెప్పేవాడు, సాక్ష్యంగా ఇంట్లో ఒక రాగిరేకు దాచుకున్నాడు. ఆ ఏడు ఊరి కరణంగారు తాంబూలం తనకు కావాలన్నారు. రేకు మాట తేల్చమని ఇద్దరూ నాన్నగారి దగ్గరికి వచ్చారు.

రేకు మీద ఉన్నది శక సంవత్సరం. డెబ్బై ఎనిమిది కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నాన్నగారు కాగితం పై వరసలో కలిపి, వచ్చిన అంకెను కింద వేసి, సరిచూడమని నాకిచ్చారు. పై వరస చూడక, ఆ కింది అంకే శకమనుకుని నేను మళ్లీ డెబ్బై ఎనిమిది కలిపాను. దాంతో ఆ రేకు, సరోనాథుల రాజ్యం పోయిన తర్వాత పుట్టినట్టు తేలింది.

“మా అమ్మాయి లెక్క తప్పదండి,” అన్నారు నాన్నగారు, తొలి వేట రోజు లంకలో దోనెల దగ్గర అందరిలో. తన కూడికే తప్పనుకున్నారు, మళ్లీ చూడలేదు.

“ఇచ్చే ప్రభువు పోయాక పుచ్చుకున్నారన్నమాట,” అన్నారు కరణంగారు. “రేపు నేను కలెక్టరునంటే సలాం కొడతారా, దొరగారూ?”

కొందరు నవ్వారు. పళ్లెం కరణంగారి ముందుకు వెళ్లింది. పెద్దాయన భుజం మీది కండువా తీసి మడత పెట్టుకుని వెనక్కి జరిగాడు.

నాలుగో రోజు ఆ కాగితం శుభ్రంగా ఎత్తి రాస్తుంటే పై వరసలో నాన్నగారి చేతి కూడిక కనిపించింది. డెబ్బై ఎనిమిది రెండుసార్లు కలిసింది. చెబితే నాన్నగారు ఆ ఊరికి తిరిగి వెళ్లి అందరి ముందూ తప్పొప్పుకోవాలి. ఆ పని నావల్ల ఆయన చెయ్యాలి. ఊరుకున్నాను.

ఆ నెలలోనే పెద్దాయన దోనెలో కాలవ వెంట ఏలూరు వచ్చాడు. నాన్నగారు బడిలో ఉన్నారు. అరుగు చివర కూర్చున్నాడు.

“అమ్మాయిగారూ, ఇంకోసారి కూడి చూస్తారాండీ?”

“చూశానండి. సరిగ్గానే ఉంది.”

“అలాగాండీ.” మంచినీళ్లు అడిగి తాగి, చెంబు బోర్లించి వెళ్లిపోయాడు.

1939లో పెళ్లై తాడేపల్లిగూడెం వెళ్లాను. ఆ ఏడే, పుట్టింటికి వచ్చినప్పుడు, మా వారిని వెంటబెట్టుకుని లంకకు వెళ్లాను. పెద్దాయనకు చూపు తగ్గింది. గొంతు విని గుర్తుపట్టాడు. అంతా చెప్పాను.

“నాకు తెలుసమ్మా,” అన్నాడు. “ఆ రోజు కాగితమైనా తియ్యకుండా సరిగ్గానే ఉందన్నారండి. నాకు చెబితే ఏం లాభం? ఊళ్లో చెప్పండి. దోనెలు దింపే రోజు రండి.”

వస్తానన్నాను. ఆ కార్తీకంలో మా అత్తగారికి జ్వరం. మరుసటి కార్తీకంలో ఏ అడ్డూ లేదు, అయినా వెళ్లలేదు. మూడోదానికి ఆయన లేరు. తాంబూలం కరణంగారి ఇంటనే ఉండిపోయింది. నాన్నగారికి ఆఖరిదాకా చెప్పలేదు.

ఆ కాగితం నా పెట్టెలో ఉంది. పైన నాన్నగారి కూడిక, కింద నాది. నా కూడికను ఆ నాలుగో రోజునే కొట్టేశాను, పెన్సిలుతో, దగ్గరగా చూస్తే తప్ప కనిపించనంత పల్చగా.