రాయని సూదిపోటు

ఆ ఆసుపత్రికి ఎనిమిది అంతస్తులు. లాండ్రీ మాత్రం నేల కింద. పైన రోగులు, డాక్టర్లు, పూలకుండీలు. కింద ఆవిరి, సబ్బు నురగ, పద్దెనిమిది మంది ఆడవాళ్లు. వార్డుల్లో మాసిన దుప్పట్లు, ఆపరేషన్ గదుల బట్టలు మూటలు కట్టి పైనుంచి ఒక పెద్ద గొట్టంలో వదిలితే కిందికి జారి దబ్బున పడేవి. వాటిని పొడవాటి రేకు బల్ల మీద విప్పి, నెత్తురు మరకలున్నవి ఒక పక్కకీ లేనివి ఒక పక్కకీ తీయాలి. ఆ తర్వాతే మిషన్లలోకి. ఆ బల్ల దగ్గర పదిహేనేళ్లు నిలబడిన మనిషి కంచక్క.

అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. దానితో ఎవరికీ పనిపడలేదు. గొంతు కంచు మోగినట్టుండేది కాబట్టి కంచక్క. రెండు మిషన్లు తిరుగుతున్నా ఆమె మాట అవతలి గోడకి తగిలి వెనక్కొచ్చేది. ఆవిరి గొట్టం కారుతోందన్నా, కడుపుతో ఉన్న పిల్లచేత తడి మూటలు మోయించొద్దన్నా, ఎవరికి ఏం కావాలన్నా ముందు ఆమె చెవిన వేసేవారు. ఆమె కొంగు దోపుకుని మేనేజరు గదికి మెట్లెక్కుతుంటే, ఇవాళ పైకప్పు లేచిపోతుందే అని కింద నవ్వుకునేవారు. పైకప్పు లేవలేదు గానీ గొట్టం బాగుపడేది, మూటలు మోసే బండి వచ్చేది.

పాత సూపర్‌వైజరు రిటైరయ్యాక మేనేజరు ఆ కుర్చీ కంచక్కకిచ్చాడు. ఆమెకన్నా చదువుకున్నవాళ్లు ఇద్దరున్నారు. అరిచే నోటికి కుర్చీ వేస్తే దానంతటదే సద్దుమణుగుతుందని ఆయన ఎవరితోనో అన్నాడని చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి ఆమెకి తెలిసిందల్లా సంతోషమే. భర్త బస్సు డిపోలో టైర్లు మార్చేవాడు. అత్తగారికి పక్షవాతం వచ్చి మూడేళ్లుగా మంచంలోనే ఉంది. సూపర్‌వైజరు కుటుంబానికి అదే ఆసుపత్రిలో వైద్యం ఉచితం. ఇక అత్తయ్యని సర్కారు ఆసుపత్రి లైన్లో కూర్చోబెట్టక్కర్లేదని చెప్పి కంచక్క మొగుడి భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

కొత్త సూపర్‌వైజర్లందరికీ నాయకత్వం మీద మూడు రోజుల క్లాసులు పెట్టారు. చల్లటి గది, మెత్తటి కుర్చీలు. కోటు వేసుకున్న ఒకాయన తెరమీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడాడు. కంచక్క బడిపిల్లలా నోటుపుస్తకం కొనుక్కుని ప్రతి మాటా గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. మంచి నాయకుడు గొంతు పెంచడు, అన్నాడాయన. సమస్యను పైకి మోసుకురాడు, తన దగ్గరే తేలుస్తాడు. ఆ రెండో మాట కింద ఆమె రెండు గీతలు గీసుకుంది. ఇన్నేళ్లూ తను చేసిందంతా ఇందుకు తలకిందులని తోచి సిగ్గుపడింది. ఆ సిగ్గుతోనే మారింది. గొంతు తగ్గించింది. మేనేజరు గది మెట్లెక్కడం మానేసింది. కిందివాళ్లు ఏదైనా అడిగితే, చూద్దాం, మనలో మనం సర్దుకుందాం అనేది.

లాండ్రీ గుమ్మం పక్కన ఒక బోర్డుండేది. ప్రమాదం లేని రోజులెన్నో దానిమీద రాయాలి. పొద్దున్నే వచ్చి ఆ అంకె చెరిపి కొత్తది రాయడం ఆమె మొదటి పని. మేనేజరు అటుగా వెళ్లినప్పుడల్లా, "అంకె జాగ్రత్తమ్మా," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. వంద దాటిన రోజున అందరికీ టీ పంపించాడు. నూట యాభై దాటాక ఆయన తన పై అధికారిని వెంటబెట్టుకొచ్చి, ఇదంతా ఈవిడ చలవే అని చూపించాడు. పదిహేనేళ్లలో కంచక్కని ఎవరూ అలా చూపించలేదు.

ఇక సూదుల సంగతి. పైన నర్సులకి ఊపిరాడనంత పని. వాడిన సూది డబ్బాలో వేసే తీరిక లేక మంచం మీద పెడితే, అది దుప్పటి మడతలో చిక్కుకుని కిందికొచ్చేది. లాండ్రీలో ఇచ్చే చేతి తొడుగులు ఉల్లిపొరంత పలచన. బల్ల దగ్గర పనిచేసినవాళ్లలో సూది గుచ్చుకోని మనిషి లేదు. దొరికిన సూదిని ఒక పాత డబ్బాలో పడేసి, వేలు నోట్లో పెట్టుకుని, పనిలో పడేవారు.

రెండు వందల పదకొండో రోజున పిచ్చుకకి గుచ్చుకుంది. పిచ్చుకంటే బక్కపలచటి మనిషి, ముప్ఫై దాటలేదు. చేతులు బల్ల మీద అటూ ఇటూ గెంతుతున్నట్టుండేవి కాబట్టి ఆ పేరు. మొగుడు తాపీ పని చేసేవాడు. ఇద్దరు పిల్లలు. చూపుడు వేలు గట్టిగా పట్టుకుని కంచక్క బల్ల దగ్గరికొచ్చింది.

"లోపలికి దిగిందక్కా. ఆపరేషన్ గది మూట. పైకెళ్లి చూపించుకోనా?"

పైకి వెళ్లాలంటే రిజిస్టరులో రాయాలి. రాస్తే బోర్డు మీద సున్నా. కంచక్క ఒక్క క్షణం ఆలోచించింది. ఆ ఒక్క క్షణాన్ని తర్వాత ఎన్నివేలసార్లు విప్పి చూసుకుందో ఆమెకే తెలియాలి.

"మనకిది కొత్తా? సబ్బుతో కడిగితే పోతుంది. ఇంత దానికి రాతలెందుకు," అంది.

పిచ్చుక నోట్లో నాలుక లేని మనిషి. తలూపింది. కంచక్క తనే ఆమెని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి వేలు పిండి, సబ్బు పెట్టి కడిగి, పట్టీ చుట్టింది. ఆ పూట బల్ల దగ్గర కాకుండా ఇస్త్రీ వైపు పంపింది. సమస్యని తన దగ్గరే తేల్చానని నిజంగానే అనుకుంది. మర్నాడు బోర్డు మీద రెండు వందల పన్నెండు రాసింది.

రెండున్నర నెలలకి పిచ్చుకకి అన్నం సయించలేదు. వేవిళ్లేమోనని వేళాకోళం చేశారు. వారం తిరిగేసరికి కళ్లు పచ్చబడ్డాయి. ఆ తర్వాత మాట తడబడటం మొదలైతే మొగుడు ఆటోలో ఎక్కించి ఆమె ఉతికే దుప్పట్ల ఆసుపత్రికే తీసుకొచ్చాడు. నాలుగో అంతస్తులో పడుకోబెట్టారు. ఎవరి నెత్తురులోనో ఉన్న జబ్బు సూది వెంట వచ్చి కాలేయాన్ని తినేసిందన్నారు. గుచ్చుకున్న రోజునే ఇంజెక్షన్ వేసుంటే చాలామటుకు ఆగేదని డాక్టరు మామూలుగా, తేదీ చెప్పినట్టు చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

కంచక్క నాలుగో అంతస్తుకి వెళ్లింది. పిచ్చుకకి ఆ పూట కొంచెం తెలివిగా ఉంది. పసుపు రంగు కళ్లతో చూసి, "ఆ రోజు రాసుంటే బాగుండేది కదక్కా?" అని అడిగింది. నిష్ఠూరం లేదు. దారి తప్పినవాళ్లు దారి అడిగినట్టు అడిగింది.

"నీకేం కాదే. పడుకో," అంది కంచక్క.

అయిదో రోజున పిచ్చుక చనిపోయింది.

విచారణకి ముగ్గురిని వేశారు. దానికి ముందురోజు మేనేజరు కంచక్కని పిలిచి, కుర్చీ చూపించి, తలుపు వేశాడు. ఆయన బెదిరించలేదు. కాస్త దిగులుగానే మాట్లాడాడు. సూది గుచ్చుకున్న సంగతి ఆ అమ్మాయి ఎవరికీ చెప్పలేదు, రిజిస్టరులో లేదు, అంతవరకే మనకి తెలుసు అన్నాడు. పోయినావిడకి ఇప్పుడు ఏం చెప్పినా ఒకటే, బతికున్నవాళ్ల సంగతి చూసుకోవాలి కదా, మీ అత్తగారికి ఎలా ఉంది, అని అడిగాడు. పాము చావకుండా కర్ర విరక్కుండా ఆ ఒక్క ముక్క చెబితే చాలు.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన అమ్మకి గంజి తాగిస్తున్నాడు. చెంచా ఆపకుండా, "నువ్వు రాయొద్దన్నావా?" అని అడిగాడు. అన్నానంది. ఆయన తల్లి మూతి తుడిచి, గిన్నె కడిగి బోర్లించి, "నన్నడక్కు. నేను వద్దంటే రేపు నన్ను తిట్టుకుంటావు, సరేనంటే అమ్మకేదైనా అయితే నేను నిన్ను తిట్టుకుంటాను," అన్నాడు.

విచారణ గదిలో మధ్యన కూర్చున్న పెద్ద డాక్టరమ్మ, ఆ అమ్మాయి మీకు చెప్పిందా అని అడిగింది. మేనేజరు గోడవారన కూర్చుని కాగితాలు చూసుకుంటున్నాడు.

"చెప్పింది," అంది కంచక్క. "పైకి వెళ్తానంది. నేనే వద్దన్నాను. రాయొద్దన్నదీ నేనే."

ఎందుకని అడిగితే, బోర్డు మీద అంకె పోతుందని, అంది. ఆ మాట బయటికొచ్చాక ఎంత చిన్నదో ఆమెకే వినిపించింది. అంకె జాగ్రత్త అని మేనేజరు గారు రోజూ చెప్పేవారు అని కూడా చెప్పింది. జాగ్రత్తగా పనిచేయమన్నాను గానీ దాచమన్నానా అని ఆయన అడిగాడు. అనలేదు, నిజమే. ఆయన దాచమని ఏనాడూ అనలేదు.

సూపర్‌వైజరు ఉద్యోగం పోయింది. పనిలోంచే తీసేయాల్సింది గానీ ఒప్పుకున్నందుకు దయతలిచి, కాంట్రాక్టు మీద మళ్లీ బల్ల దగ్గరికే పంపారు. మేనేజరు ఆరు నెలల్లో ఇంకా పెద్ద ఆసుపత్రికి, ఇంకా పెద్ద కుర్చీలోకి వెళ్లాడు. అత్తగారిని మళ్లీ లైన్లో కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆవిడ ఆ చలికాలం దాటలేదు. భర్త ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని కంచక్కకి అనిపించేది.

కింద ఆమెది రెంటికీ చెడ్డ రేవడి బతుకైంది. పిచ్చుకని చంపిందని సగం మంది మాట్లాడటం మానేశారు. అందరి పరువూ తీసిందని మిగతా సగం మానేశారు. ఆమె కూడా ఎవరినీ పలకరించలేదు. ఆ గొంతు కుర్చీకోసం తగ్గించుకున్నది. ఇప్పుడు పెంచుదామన్నా రాలేదు.

పిచ్చుక బదులు ఆ ఇంట్లో ఒకరికి పని ఇస్తామన్నారు. మొగుడు ఆ గుమ్మం తొక్కనన్నాడు. పిల్లలిద్దరూ ఇప్పుడు పిచ్చుక తోడికోడలి వంటింట్లో తింటున్నారు కాబట్టి ఆవిడే వచ్చింది. నలభై ఏళ్ల గట్టి మనిషి. వచ్చిన రోజునే, కంచక్క అంటే ఎవరని అడిగి, చూపిస్తే తేరిపార చూసి, బల్ల అవతలి చివరికి వెళ్లి నిలబడింది. మూట విప్పడం ఆవిడకి చేతకాలేదు. గుప్పెట్లో పట్టి లాగుతోంది. కంచక్క రెండు రోజులు చూసి, మూడో రోజు దగ్గరికెళ్లి, "నలిపి పట్టుకోకు. కొసలు పట్టి దులుపు. లోపలేముందో ముందు చప్పుడు వినపడుతుంది," అని చెప్పి తన చోటికి వెళ్లిపోయింది. ఆవిడ అప్పట్నుంచి కొసలు పట్టి దులిపింది.

ఒక మంగళవారం కంచక్క దులిపిన దుప్పటిలోంచి సూది రాలి రేకు మీద టింగుమంది. ఎవరికీ గుచ్చుకోలేదు. ఎప్పట్లాగే పాత డబ్బాలో పడేయొచ్చు. ఆమె మూటకున్న వార్డు చీటీ చూసి, ఆ దుప్పటి మీదే సూది ఉంచి, నాలుగు కొసలూ పైకి పట్టుకుని బయల్దేరింది. కొత్త సూపర్‌వైజరు కుర్రాడు, మూటలు పేరుకుపోతున్నాయి, ఎక్కడికని అడ్డుపడ్డాడు. ఏ వార్డు నుంచి వచ్చిందో ఆ వార్డుకి, అంది. నడుస్తూనే అంది. వెనక అడుగుల చప్పుడు వినిపించి చూస్తే తోడికోడలు వస్తోంది.

అయిదో అంతస్తులో పెద్ద నర్సు మండిపడింది. మాసిన బట్ట వార్డులోకి తెస్తారా అంది. నిజంగానే తప్పు. కంచక్క దుప్పటి గుమ్మం బయటే ఉంచింది.

"ఎవరు పెట్టారని నేనడగను. మీకెంత పనుంటుందో నాకు తెలుసు. రిజిస్టరులో ఒక్క ముక్క రాయండి చాలు, ఈ వార్డు మూటలో సూది వచ్చిందని. మీరు రాసేదాకా ఇక్కడే ఉంటాను. ఒకసారి రాయొద్దని నేనే అన్నాను. మనిషి పోయింది. ఈవిడ వాళ్ల ఇంటి మనిషే."

పెద్ద నర్సు తోడికోడలి మొహం చూసింది. ఆవిడ కళ్లు తిప్పుకోలేదు. నర్సు లోపలికెళ్లి రిజిస్టరు తెచ్చింది.

మెట్లు దిగుతూ రెండో అంతస్తు మలుపులో తోడికోడలు ఆగింది. కంచక్కతో ఆవిడ మాట్లాడటం అదే మొదలు.

"మా ఇంటికి మాత్రం రాకు. నువ్వెవరో పిల్లలకి తెలుసు."

"రాను."

"మా మరిది నిన్ను క్షమించడు. నేనూ అంతే."

"అడగను," అంది కంచక్క.

తర్వాతి వారం ఇంకొకామె తన మూటలో దొరికిన సూది తీసుకుని మెట్లెక్కింది. తర్వాత ఇంకొకరు. ఒక్కోసారి నర్సులు కసురుకునేవారు, ఒక్కోసారి కొత్త మేనేజరు పిలిచి జీతం కోస్తాననేవాడు. ఇద్దరికి నిజంగానే కోశాడు. ఆ ఏడాది రిజిస్టరులో నలభై మూడు సూదులు చేరాయి. అంతకుముందు అన్ని సూదులు రాలేదని కాదు. ఏడాది చివర దళసరి చేతి తొడుగులొచ్చాయి, కాంట్రాక్టువాళ్లకి కూడా టీకాలు వేశారు. కంచక్కకి ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు. ఆమె దగ్గర కూర్చుని అన్నం తినేవాళ్లు అప్పటికీ ఇద్దరు ముగ్గురే.

తోడికోడలు ఆ ఇద్దరు ముగ్గురిలో లేదు. కానీ బల్ల చివరి నుంచి కంచక్క పక్క చోటికి మారింది. ఆపరేషన్ గది మూటలు వచ్చినప్పుడు ఆవిడ రెండు కొసలు, ఈమె రెండు కొసలు పట్టేవారు. అలా ఆరేళ్లు, కంచక్క మోకాళ్లు ఇక నిలబడనివ్వని దాకా. అన్నేళ్లలోనూ పట్టు, దులుపు, జాగ్రత్త అన్న మూడు మాటలు తప్ప ఆ ఇద్దరి మధ్యా వేరే మాట నడిచినట్టు ఎవరూ వినలేదు.