బంతి మేస్త్రి ఇంటావిడ

ట్యాంకు నిండగానే నీళ్లను దానంతటదే ఆపేసే ఫ్లోట్ వాల్వులు బిగించడంలో మా వీధి ప్లంబరుది అందె వేసిన చెయ్యి. ఆ వాల్వుకు ఒక కడ్డీ, కడ్డీ చివర నీళ్ల మీద తేలే బంతి ఉంటాయి. అందుకే అందరూ ఆయన్ని బంతి మేస్త్రి అనేవారు. ఆయన భార్య ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. నేను చెప్పబోయేది ఆవిడ గురించి.

ఒక వానరోజున మేస్త్రి నిచ్చెన మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక డాక్టరు, "నడవండి, కూర్చోండి. ఎక్కడం మాత్రం మరిచిపోండి" అన్నాడు. ఆ మాటతో ఆయన నీరుగారిపోయాడు. మూడు నెలలు గోడకేసి చూస్తూ గడిపాడు.

అప్పుడు ఆస్పత్రి లాండ్రీ నుంచి ఇన్‌ఛార్జ్ మేడమ్ ఫోను చేసింది.

"మేస్త్రి గారూ, మా ట్యాంకు పొంగిపోతోంది. గోడ వెంట కారి, ఉతికిన దుప్పట్లన్నీ తడిసిపోతున్నాయి. మీరు పెట్టిన వాల్వే."

ఆ చివరి మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. "ఇంకెవర్నయినా పిలుచుకోమంటాను" అన్నాడు ఫోను పెట్టేసి.

"మీరు పెట్టింది ఇంకొకరు విప్పడమేంటి? పదండి, నేనెక్కుతా. మీరు కిందనుంచి చెప్పండి" అంది భార్య.

"నువ్వా!"

పక్కనే కూర్చున్న మేస్త్రి తల్లి నవ్వింది. "వెళ్లనీరా. నువ్వు కిందనుంచి అరవడమేగా, అది నీకు పుట్టుకతోనే వచ్చు."

లాండ్రీ ఒంటి అంతస్తు గది. కప్పు మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు. అయిదో మెట్టు దగ్గర ఆవిడ నిచ్చెనను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. కిందకి చూడకుండా ఎక్కేసింది.

"మూత తీశావా? ముందు నీళ్లొచ్చే పైపు మీదున్న వాల్వు తిప్పి కట్టెయ్. బంతి ఊడదీసి చెవి దగ్గర ఊపి చూడు."

ఊపింది. "గళగళమంటోందండీ! నీళ్లు తాగేసింది."

"ఇంక తేలదది. కొత్తది పెట్టు."

పెట్టి నీళ్లు వదిలింది. ట్యాంకు నిండినా ధార ఆగలేదు. మేస్త్రి చెప్పినట్టు పిన్ను లాగి, లోపల పట్టిన సున్నపు పెచ్చులు పాత టూత్‌బ్రష్షుతో తోమి, అరిగిన వాషరు మార్చింది. ధార సన్నబడింది గానీ ఆగలేదు. కింద ఆయన గొంతు బొంగురుపోయింది.

"ఇక లాభం లేదు, మొత్తం వాల్వే మార్చాలి. దిగు."

ఆవిడ దిగలేదు. ట్యాంకులోకి వంగి చూస్తూ ఉండిపోయింది. బంతి నీటితోపాటు నిటారుగా లేవడం లేదు. పక్కకు వాలుతూ లేచి, చివరి రెండు వేళ్ల ఎత్తు దగ్గర, పైనుంచి లోపలికి దించిన మోటారు పైపుకు ఒరుసుకుని ఆగిపోతోంది. కాలరు ఒక పక్కకు లాగి కుట్టేస్తే ఎంత దూరం నుంచైనా పట్టేసే కళ్లవి.

"ఏవండీ, వాల్వు బాగానే ఉంది. పక్కకు తిరిగిపోయింది. బంతి వెళ్లి పైపుకు తగులుతోంది."

"తగలదు. నేను నిటారుగా పెట్టాను."

"పెట్టే ఉంటారు. ఇప్పుడు లేదు. నట్టు వదులైంది. ట్యాంకు గోడకు లోపలి పక్క రబ్బరు వాషరే లేదిక్కడ."

కిందనుంచి, "ఆ రోజు మరిచిపోయి ఉంటాను" అని నెమ్మదిగా వినిపించింది.

ఆవిడ రెండు పక్కలా రబ్బరు వేసి, ఒక చేత్తో వాల్వును నిటారుగా పట్టుకుని, రెండో చేత్తో నట్టు బిగించింది. నీళ్లు వదిలింది. బంతి లేచింది, కడ్డీ అడ్డంగా సాపయ్యింది, సుయ్యిమన్న చప్పుడు సన్నబడి సన్నబడి ఆగిపోయింది. తుడిచి ఆరబెట్టిన వాల్వు నోటికి పావుగంటసేపు పొడిగుడ్డ ఆనించి ఉంచింది. గుడ్డకు తడి తగల్లేదు.

దిగి వచ్చాక ఇన్‌ఛార్జ్ మేడమ్ ఎదుటే మేస్త్రి అన్నాడు: "నేనైతే కొత్త వాల్వు పెట్టేసి, గొప్పగా వెళ్లిపోయేవాణ్ణి మేడమ్. ఈవిడ కనిపెట్టింది."

ఆ వారం హార్డ్‌వేర్ షాపులో ఆ కథ వినని మనిషి లేడు. అడిగినవాళ్లకూ చెప్పాడు, అడగనివాళ్లకూ చెప్పాడు. క్రమంగా ఆవిడే పనికి వెళ్లసాగింది. మూడు నెలలకోసారి ట్యాంకుల మూతలు తీసి, బంతులు ఊపి చూసి, వాషర్లు తడిమి వచ్చేది. జనం ట్యాంకమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో కస్సుమనేది. తర్వాత ఆ పిలుపుకే తిరిగి చూడటం అలవాటైంది.

రెండేళ్లకు ఆస్పత్రి కొత్త భవనం కట్టింది. పైన ఆరు ట్యాంకులు. బిగించింది కాంట్రాక్టరు మనుషులు. నీళ్లు వదిలాక సరిచూడమని ఇంజనీరు ఆవిడను పిలిపించాడు. అయిదు ట్యాంకులు నిండి ఆగాయి. ఆరోది బుసకొడుతూనే ఉంది.

"కొత్తది కదమ్మా, రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుంది" అన్నాడు పనివాళ్లలో ఒకడు.

"కొత్త చెప్పు కరుస్తుందంటే విన్నాను గానీ, కొత్త వాల్వు కారుతుందంటే ఇదే వినడం" అంటూ ఆవిడ వాల్వు విప్పింది. నీళ్లు మూసుకునే చోట, చుట్ట చుట్టుకున్న సన్నటి ప్లాస్టిక్ రజను. పైపు కోసినప్పుడు రాలింది. అరచేతిలో పెట్టి చూపించింది.

"పైపులు కడక్కుండానే బిగించేశారు. మిగతా అయిదూ విప్పండి."

"అవి ఆగాయిగా!"

"ఇవాళ ఆగాయి."

గొణుక్కుంటూ విప్పారు. ఇంకో రెండింట్లో రజను దొరికింది. అప్పుడిక ఎవరూ గొణగలేదు. అన్నీ కడిగి, బిగించి, మళ్లీ నింపేసరికి మధ్యాహ్నం దాటింది. ఈసారి ఆరుకు ఆరూ ఆగాయి.

కింద బెంచీ మీద కూర్చున్న మేస్త్రితో ఇంజనీరు అన్నాడు, "బాగా నేర్పారండీ."

"విప్పడం, బిగించడం నేర్పాను సార్. చూడటం ఆవిడదే."

అంతలో ఆవిడ దిగి వచ్చింది. ఇంజనీరు ఇచ్చిన కాగితంలో 'పరీక్షించినవారు' అన్న చోట, తడిచేతులు కొంగుకు తుడుచుకుని, నిదానంగా సంతకం చేసింది. మేస్త్రి ఆ కాగితం అందుకుని ఆ ఒక్క వరుసే రెండుసార్లు చదివాడు. ఇంజనీరు చెయ్యి చాచినా, మూడోసారి కూడా చదివాకే తిరిగిచ్చాడు.