అంతా బాగుందన్న ఆంటీ

అమెరికాలో మేముండే ఫ్రిస్కోలో మా ఊరి లైబ్రరీకి కొత్త వెబ్‌సైట్ చేసే పని నాకు కాంట్రాక్ట్ మీద వచ్చింది. నెలాఖరుకి సైట్ లాంచ్ అయితేనే కాంట్రాక్ట్ పొడిగిస్తామని మేనేజర్ ముందే చెప్పేసింది. పొడిగించకపోతే నా హెచ్-వన్ వీసా నిలబడదు. ఆ సంగతి తలుచుకుంటే అన్నం సహించేది కాదు. ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకునేదాన్ని.

సైట్ వాడటం తేలికగా ఉందో లేదో ముందు మామూలు మనుషుల చేత వాడించి చూడాలి. వచ్చినవాళ్లకి ఒక పని ఇస్తాం. మనసులో అనుకునేదంతా పైకి చెప్తూ వాళ్లు ఆ పని చేయాలి. పక్కన కూర్చున్న నేను సాయం చేయకూడదు. మేనేజర్ అవతలి గదిలో కూర్చుని అంతా చూస్తూ, వింటూ ఉంటుంది. మనుషులు దొరక్క నేను చేసిన తెలివితక్కువ పని, మా అపార్ట్‌మెంట్స్‌లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టడం. "నా జాబ్‌కి చాలా ఇంపార్టెంట్, ప్లీజ్ రండి" అని కూడా రాశాను.

మా కింది ఫ్లోర్ ఆంటీకి తెలుగు నవలలంటే ప్రాణం. ఆవిడని నా కార్‌లోనే తీసుకెళ్లాను. పట్టుచీర కట్టుకుని వచ్చింది. దేవుడికి దీపం పెట్టి వచ్చానని చెప్పి, నా చేతిలో ఇంత పెరుగూ పంచదారా పెట్టింది. ఈవిడ పరీక్ష రాయడానికి వస్తోంది, అదీ నా బదులు!

ఒక తెలుగు నవల వెతికి, మా బ్రాంచ్‌కి తెప్పించమని హోల్డ్ పెట్టాలి. అంతే పని. ఆంటీ మౌస్ పట్టుకుని, "వెరీ గుడ్ వెబ్‌సైట్! కలర్స్ వెరీ నైస్," అంది, అవతలి గదికి వినబడేలా. బాణం గుర్తు మాత్రం స్క్రీనంతా దేవులాడుతోంది. భాష ఎంచుకునే చోటు దాటి పైకి పోయింది, కిందికి వచ్చింది, పిల్లల కథల కార్యక్రమంలోకి వెళ్లి అక్కడే చిక్కుకుంది. అదిగో అక్కడుంది ఆంటీ అని చూపించేస్తానేమోనని భయమేసి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు ఆంటీ నావైపు వంగి గొణిగింది. "నాకేం అర్థం కావట్లేదమ్మా. అయినా బాగుందనే చెప్తాలే. నీకు మాట రాకూడదు." వెంటనే గొంతు పెంచి, "ఆల్ ఈజీ! నో ప్రాబ్లం!" అంది.

ఆంటీని లాబీలో కూర్చోబెట్టి మేనేజర్ దగ్గరికి వెళ్లాను. మేనేజర్ ముఖం వెలిగిపోతోంది. ఆంటీకి ముందు వచ్చిన మావాళ్లు కూడా ఇలాగే మెచ్చుకుని వెళ్లారు మరి. కాస్త తడబడినా అందరికీ నచ్చింది, ఇక లాంచ్ చేసేద్దామంది. "ఇంతకీ మధ్యలో ఆవిడ మీ భాషలో ఏమన్నారు?" అని ఇంగ్లీష్‌లో అడిగింది.

కలర్స్ గురించి అనేస్తే సరిపోయేది. నిజం చెప్పొద్దూ, అలాగే అనాలనిపించింది. కానీ ఆ బాణం పడ్డ తిప్పలు నా కళ్లముందు నుంచి పోలేదు. రేపు ఇంకో ఆంటీ ఇంట్లో ఒక్కతే కూర్చుని ఇలాగే తిప్పలు పడుతుంది. ఆంటీ అన్నది ఉన్నదున్నట్టు చెప్పేశాను. మావాళ్లంతా నా కోసమే మెచ్చుకున్నారనీ చెప్పాను. మేనేజర్ లాంచ్ ఆపాలంది. కాంట్రాక్ట్ సంగతి అడిగితే, పైవాళ్లతో మాట్లాడి సోమవారం చెప్తానంది.

కార్ ఎక్కగానే ఆంటీ అడిగింది. "పాసయ్యామా అమ్మా?"

"మీకేం అర్థం కాలేదని చెప్పేశాను ఆంటీ. లాంచ్ ఆపేశారు."

కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ ఒళ్లో చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"తెలుగు అని ఎక్కడ నొక్కాలో కనబడలేదమ్మా. పోయిన నెల నువ్వు గ్రూప్‌లో ఈ సైట్ లింక్ పంపి చూడమన్నావే, ఆ రోజు కూడా కనబడలేదు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని సూపర్ అని పెట్టాను." నావైపు తిరిగింది. "అప్పుడే చెప్పుంటే సరిచేసుకోవడానికి నీకు టైమ్ ఉండేదా?"

ఉండేది. ఆ ముఖం చూస్తూ ఆ మాట అనలేక కార్ స్టార్ట్ చేశాను.