ఆమె బదులు నింపిన ఫారం

పిల్లల పెంపకాన్ని భార్యాభర్తలు ఎలా పంచుకుంటారు, దాని గురించి ఫోన్లో ఏం మాట్లాడుకుంటారు అన్న సర్వే కోసం రెండేళ్లు పాతబస్తీలో ఇల్లిల్లూ తిరిగాను. ఇద్దరినీ విడివిడిగా అడగాలి, ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదు. ఈ నియమాలు రాసిన మహానుభావులు ఛత్రినాకలో ఒంటిగది ఇల్లు చూసి ఉండరు. భర్తను బయటికి పంపితే అత్తగారు వచ్చి కూర్చునేది. నాకు ఓపిక అయిపోయింది.

అలాంటి ఒక ఇంట్లో ఆవిడ ప్రైవేటు బడిలో ఆయా. భర్త బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో గుమాస్తా. ఆరేళ్ల పాపకి ఉబ్బసం. వాళ్లిద్దరూ ఒప్పుకున్నాకే వాట్సాప్ చూశాను. పాపకు దగ్గు ఎక్కువైందనీ, మందు అయిపోయిందనీ, డాక్టరు మళ్లీ రమ్మన్నాడనీ అన్నీ ఆమె పంపినవే. ప్రతిదాని కిందా ఆయన బొటనవేలి బొమ్మ.

"మీకు కోపం రాదా?" అన్నాను. అడగకూడని ప్రశ్న, విసుగులో అడిగేశాను.

"ఆయనకేం ఎరుక మేడం? పొద్దుందాక దుకాణంల ఉంటడు. ఎరుకైతే ఊకుంటడా?" అంది.

తర్వాతి వారం ఇద్దరికీ ఆఖరి ఫారం లింకు పంపాను. ఆయన ఫారంలో అన్నింటికీ 'ఇద్దరం సమానంగా' అని ఉంది. ఆమె ఫారంలో పాపకి ఒంట్లో బాగాలేకపోతే పని మానేది ఎవరంటే నేనే, ఆస్పత్రికి తీసుకెళ్లేది ఎవరంటే నేనే. చివర్లో 'మస్తు అలిసిపోయిన. నడుము నొస్తది. ఎవరికి చెప్పుకోవాలె' అని ఉంది. చదివితే ఏడుపొచ్చింది. పలకరిద్దామని ఆమె లింకు పంపిన నంబరుకి ఫోన్ చేస్తే ఆయన ఎత్తాడు.

గ్యాసు బండకీ, రేషనుకీ ఇచ్చినట్టే ఆమె నాకూ అలవాటుగా తన నంబరు బదులు ఆయన రెండో నంబరు ఇచ్చింది. ఈ బస్తీల్లో ఆడవాళ్లంతా చేసే పనే. తెలిసి కూడా నేను సరిచూసుకోలేదు.

"ఆమె ఫారం నేనే నింపిన మేడం. ఆమెకు టైం యాడుంది? ఆమె ఏం చెప్తదో నాకు ఎరుకే గద," అన్నాడు. తప్పు చేశానన్న బెరుకు గొంతులో లేదు.

నియమం ప్రకారం ఆ ఫారం చెల్లదు. కొట్టేసి, కాగితం పట్టుకుని మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. ఆమె పెన్ను తీసుకుని అన్నింటికీ 'ఇద్దరం' దగ్గరే టిక్కు పెట్టింది.

"కాగితం మీద ఆయన ఇజ్జత్ ఎందుకు తియ్యాలె?" అంది. ఈ ఫారం చెల్లుతుంది. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

"ఆయన ఏం రాసిండు మేడం?"

చెప్పకూడదమ్మా అన్నాను.

"ఏం రాస్తడు తియ్యి. పాపం, ఆయనకు ఏం తెల్వదు," అంటూ నడుము పట్టుకుని చాయ్ పెట్టడానికి లేచింది.