ఎకో తీసేయమన్న మధ్యాహ్నం

ఆదోనిలో మా ఆర్కెస్ట్రా నిలబడింది ఒక్క మనిషి గొంతు మీదే. పగలు ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ తొక్కేవాడు. పెండ్లిండ్లకు, ఉరుకుంద తిరనాళ్లకు మాతో వచ్చి పాడేవాడు. నేను గిటారు వాయిస్తా మిక్సర్ కూడా చూసుకునేవాణ్ణి. వయసులో పెద్ద కాబట్టి ఆయన్ను అన్నా అని, ఆయన భార్యను వదినా అని పిలిచేవాణ్ణి.

అన్నకు గొంతులో గడ్డ లేచింది. కర్నూలు ఆస్పత్రిలో క్యాన్సరని చెప్పి రేడియేషన్ కరెంటు పెట్టినారు. తిరిగొచ్చినాక మాట్లాడితే మాట కంటే గాలే ఎక్కువ వచ్చేది. అయినా మేం ముందే ఒప్పుకున్న ఎమ్మిగనూరు పెండ్లి రిసెప్షన్‌కు వస్తానని పట్టుబట్టినాడు.

మామూలుగా నా గిటారు కాళ్ల కింది పెడల్స్ దాటుకుని మిక్సర్‌లోకి పోతుంది. అన్న మైకు నేరుగా పోతుంది. ఆ గొంతులో కొంత ఎఫెక్టు పెట్టెలోకి పంపి, ఎకో చేర్చి, మళ్లీ మిక్సర్‌లో కలుపుతాను. ఆయనకు ఎప్పుడూ చిటికెడు ఎకో చాలు. ఎమ్మిగనూరులో ఆ మధ్యాహ్నం మాత్రం ఒక గొంతును రెండుగా వినిపించే ఎఫెక్టు కూడా పెట్టి, అసలు గొంతును అడుక్కి నెట్టేసినాను. స్పీకర్లలో లావుగా, నున్నగా పలికింది. జనం భోజనాలు చేస్తా తలలూపినారు. నాకు ప్రాణం కుదుటపడింది.

పల్లవి అయిపోయినాక అన్న పాడడం ఆపేసి నా దగ్గరికి వచ్చినాడు. మైకు కిందికి దించి అడిగినాడు.

"ఎవురప్పా పాడేది?"

"నువ్వేన్నా."

"నేను కాదు. తీసెయ్."

"జనముండారన్నా. గొంతు బయటపడిపోతాది."

"పడనీ. తీసెయ్ అంటాండా కదా."

తీసేసినాను. చరణం ఎత్తుకున్నాడు. అన్ని స్పీకర్లలోనూ ఊపిరి గీరుకుంటున్న చప్పుడు వినపడింది. పైస్థాయికి పోయేచోట ఏమీ రాలేదు, పెదాలు మాత్రం కదిలినాయి. తింటున్నవాళ్లు చేతులు ఆపి చూసినారు. ఎవరో పిల్లలు నవ్వినారు. పెండ్లికొడుకు చిన్నాయన స్టేజీ ఎక్కి, "బాగలేని మనిషిని యాడ్నుంచి పట్టుకొచ్చినారప్పా? ఫోన్‌లో పాటలేయండి," అన్నాడు. అన్నకు వినపడింది. అయినా పాట చివరిదాకా పాడి, మైకు స్టాండుకు తగిలించి, వెనక కుర్చీలో కూర్చున్నాడు. వ్యానులో ఆదోని చేరేదాకా కిటికీలోంచి చూస్తానే ఉన్నాడు.

గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి స్వరపేటికే తీసేసినారు. మెడకు రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. నేను చూడ్డానికి పోతే చేతి సైగతో కూర్చోమనేవాడు. పాటల మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. వానలు పడకముందే పోయినాడు.

ఖననం అయినాక ఇంటికి పోతే వదిన పక్కకు పిలిచింది.

"ఎమ్మిగనూరులో ఏం జరిగిందో ఇంట్లో చెప్పనేలేదు. ఆ పొద్దు పాడినాడా?"

"పాడినాడు వదినా."

"బాగా పాడినాడా?"

అవునని చెప్పడానికి నోరు రాలేదు. "గొంతు రాలేదు. నేను ఎఫెక్టుతో కప్పితే ఒప్పుకోలేదు. ఉన్న గొంతుతోనే చివరిదాకా పాడినాడు," అన్నాను.

లోపల ఆడవాళ్లు పిలుస్తాంటే వదిన కొంగుతో మొహం తుడుచుకుని పోయింది.