గాజు తలుపు ఎవరిది

ఎండు నెత్తళ్ళ వాసన తగిలితే అందరికీ ఆకలేస్తుంది, నాకు మాత్రం నక్షత్రాలు గుర్తొస్తాయి. నవ్వుకుంటే నవ్వుకోండి. మొన్న విశాఖపట్నంలో ఏదో పని మీద చేపల బజారు పక్కసందులోంచి నడుస్తుంటే, గోనెపట్టాల మీద ఆరబోసిన నెత్తళ్ళ మీదుగా వచ్చిన ఉప్పుగాలి నన్ను ముప్పై అయిదేళ్ళు వెనక్కి లాక్కెళ్ళి డుంబ్రిగుడ సంతలో నిలబెట్టింది. సైన్స్ ఫిక్షన్ నవలలు రాసుకునే మనిషిని కదా, కలిసినవాళ్ళందరూ నన్నడిగే మొదటి ప్రశ్న ఒకటే, ఈ ఊహలన్నీ మీకు ఎక్కడినుంచి వస్తాయండీ అని. ఎండుచేపల నుంచి అంటే బాగుండదని ఇన్నాళ్ళూ ఏవేవో చెప్పుకొచ్చాను.

అమ్మ అక్కడి ఆస్పత్రిలో నర్సు. మైదానం నుంచి బదిలీ మీద కొండకెక్కినవాళ్ళం. నా పేరు రాజేశ్వరే అయినా ఊరందరికీ నేను నర్సమ్మ గుంటని. ఆషాఢంలో పట్టిన ముసురు దసరా దాకా వదిలేది కాదు, పుస్తకాలూ దుప్పట్లూ చివరికి అన్నం గిన్నెలు కూడా చెమ్మవాసన కొట్టేవి, ఆ ముసురు విడిచీ విడవగానే వలిసెపూలు విచ్చుకుని కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుండేది, ఇక చలికాలం పొద్దుటిపూట చోడంబలి తాగి బడికి బయల్దేరితే మంచులో ఒకరి మొహం ఒకరికి కనిపించేది కాదు, ముందు నడిచే సుక్రి అడుగుల చప్పుడే నాకు దారి. సుక్రి పై ఊరి కొండరైతుల పిల్ల. నా బెంచీ, నా తొక్కుడుబిళ్ళ జట్టు, నా ప్రాణం. అది లేకపోతే ఆ కొండల్లో నాకు ఇంకో నేస్తం లేదు.

సంతలో ఎండుచేపలమ్మే ఆవిడ పొట్లాలు కట్టడానికి పాతపుస్తకాలు తెచ్చుకునేది. వాటిలో అట్టలేని నవల ఒకటి, మొదటి పేజీలు నెత్తళ్ళతోబాటు ఎవరింటికో వెళ్ళిపోగా మిగిలినది, సుక్రీ నేనూ బతిమాలి తెచ్చుకున్నాం. దాని పేరేమిటో, రాసినవారెవరో తెలీదు. అందులో ఒక శాస్త్రవేత్త గాజు తలుపున్న గదిలోకి వెళ్తాడు. లోపల ఒక పూట గడిచేసరికి బయట డెబ్బై ఏళ్ళు గడిచిపోతాయి. చేతులు కంపు కొడుతున్నా వదలకుండా, కంఠతా వచ్చేదాకా చదివాం.

విచిత్రమేమిటంటే ఆ కథ మాకు ముందే తెలుసు. సుక్రి వాళ్ళ ఆయి, అంటే అమ్మమ్మ, చెప్పే కథల్లో తేనె కొట్టడానికెళ్ళినవాడొకడు కొండ చీలికలోకి దూరి, కొండలోపలి మనుషులతో ఒక్క ముద్ద తిని బయటికొచ్చేసరికి ఊరు మారిపోయి ఉంటుంది, ఎవరూ వాణ్ణి గుర్తుపట్టరు, వాడక్కడే రాయైపోతాడు. ఇటికెల పండగ రోజుల్లో మగవాళ్ళు వేటకెళ్తే ఆడవాళ్ళూ పిల్లలూ ఆయి వాకిట్లో చేరేవారు. ఆయి నిప్పుల్లో పనసపిక్కలు కాల్చి, మొదటి గుప్పెడు అడ్డాకులో పోసి పక్కన పెట్టేది. కథ ఎవరి దగ్గర తీసుకుందో వాళ్ళ వాటా అది. వాళ్ళు బతికున్నా లేకున్నా వాటా తీయాల్సిందే, తీసిన తర్వాతే నోరు విప్పేది.

"ఇది నాది కాదు. మా అత్త కాడ తీసుకున్నాను. మా అత్త ఎగువూరి గుడ్డోడి కాడ తీసుకుంది. ఒక్క ముద్ద తినడం మాత్రం నాది."

పేర్లు చెప్పకుండా కథ మొదలెడితే ఆ ఇంట్లో చంటిపిల్లలు కూడా ఒప్పుకునేవారు కాదు.

ఏడో తరగతిలో ఉండగా పిల్లల సైన్సు కథల పోటీ అని బడికి కాగితమొచ్చింది. గెలిచిన కథ అచ్చువేస్తారట, రాసినవాళ్ళని విశాఖపట్నం తీసుకెళ్తారట. నేను అప్పటికి సముద్రం చూడలేదు. నాలుగు రోజులు కూర్చుని రాశాను. తేనె కొట్టేవాడు ఆయి కథలోవాడు, గాజు తలుపు నెత్తళ్ళ పుస్తకంలోది, పైన మాత్రం నా పేరొక్కటే, అదీ ఎర్రసిరాతో. సుక్రికి చూపించలేదు. చూపిస్తే పేర్లేవని అడుగుతుందని తెలుసు. అదీ నా బుద్ధి.

శుక్రవారం మా తెలుగు మేష్టారు నా కథ పైకి చదువుతూ గాజు తలుపు దగ్గర టక్కున ఆగిపోయారు. ఆయనది పార్వతీపురం, వారం వారం ఇంటికెళ్ళొచ్చేవారు. కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"సొంతంగా రాసావా అమ్మా?"

"సొంతమే సార్."

"ఈ గది నేను చదివాను. ఆ పుస్తకం మా ఇంట్లో ఉంది, సోమవారం తెస్తాను. కాపీ అని తేలితే నీ కథ పంపేది లేదు."

ఆయన కేకలేసినా బాగుండేది. నెమ్మదిగా అన్నారు.

శనివారం అమ్మ డ్యూటీకి వెళ్ళగానే మా పుస్తకాన్ని పొయ్యిలో పెట్టాను. చెమ్మ పట్టిన కాగితం అంత తేలిగ్గా అంటుకుంటుందా, ఒక్కో పేజీ చింపి, గొట్టంతో ఊది, కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే మళ్ళీ ఊది, మొత్తానికి బూడిద చేసేసరికి ఇల్లంతా మాడిన చేపల కంపు కమ్ముకుంది. ఎన్ని తలుపులు తీసినా పోలేదు. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటే ఈ కంపు? ఎండుచేపలు గానీ పొయ్యిలో పడ్డాయేటి?"

"పిల్లి లాగేసిందమ్మా" అన్నాను. ఆదివారం సుక్రి వచ్చి పుస్తకం ఇమ్మంది. ఎక్కడో పోయిందన్నాను. అది ఒకసారి పొయ్యి వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది, వెళ్ళిపోయింది.

సోమవారం మేష్టారు అన్నంతపనీ చేశారు. ఒక చేత్తో ఆయన పుస్తకం, ఒక చేత్తో నా కాగితాలు పట్టుకుని ఇక్కడో వాక్యం అక్కడో వాక్యం చదివారు. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. భయం ముదిరితే మనిషికి సిగ్గుండదు.

"ఆ పుస్తకం నేను చూడలేదు సార్. ఇది సుక్రి వాళ్ళ ఆయి చెప్పిన కథ" అనేశాను. అప్పటిదాకా నోట తలవని ఆయిని నా ప్రాణం మీదికి వచ్చేసరికి అడ్డం పెట్టుకున్నాను.

మేష్టారు సుక్రిని లేపారు. అది నా వైపు చూడకుండా కిటికీలోంచి కొండని చూస్తూ నిలబడింది. నిజం చెబితే నా పని అయిపోతుంది. అబద్ధం చెబితే అది వాళ్ళ ఆయికి మొహం చూపించలేదు. అంత ఇరకాటంలోకి దాన్ని నెట్టింది నేనే.

"కొండలోకెల్లడం మా ఆయిది సార్. గాజు తలుపు మాది కాదు."

"మరెవరిది?"

"అది రాజేశ్వరి సెప్పాల."

నేను చెప్పలేదు. సంతరోజున ఆయిని బడికి తీసుకురమ్మన్నారు మేష్టారు. ఆ రెండు రోజులూ సుక్రి వెనకబెంచీలో కూర్చుంది. నేను వెనక్కి తిరిగిన ప్రతిసారీ తల దించుకుంది.

ఆయి చింతపండు బుట్ట దించి పెంకుల వరండాలో కూర్చుంది. పిల్లలంతా చుట్టూ చేరారు. నన్ను చదవమన్నారు. చదువుతుంటే నా గొంతు ఎవరిదో అనిపించింది. ఆయి కళ్ళు మూసుకుని వింటూ, గాజు తలుపు దగ్గర కళ్ళు తెరిచింది.

"నా ముక్క నాకు తెలిసింది. ఈ గాజుది ఇంకెవులి కాడో తీసుకున్నావు. తప్పేటుంది, నేను సెప్పేవన్నీ నాయా ఏటి? మరి ఇందులో నీదేటి?"

వెతుక్కున్నాను. నిజంగా భయమేసింది, ఏమీ లేదేమోనని. ఆయి కథలో తిరిగొచ్చినవాణ్ణి ఎవరూ గుర్తుపట్టరు, పుస్తకంలోనూ అంతే. నాకది సహించక, వాడి చెల్లెలు నడుం వంగిన ముసలిదై ఉండి, నడకని బట్టి అన్నయ్యా అని పిలిచినట్టు రాశాను.

"చెల్లెలు గుర్తుపట్టడం" అన్నాను.

ఆయి తలూపింది. "బాగుంది. అదుంచు. మిగతావోటికి పేర్లు సెప్పు, ఈల్లందరి ముందూ."

చెప్పాను. పుస్తకం సంగతి, పొయ్యి సంగతి, పిల్లి అబద్ధం కూడా చెప్పాను. వెక్కి వెక్కి ఏడ్చాను. మేష్టారు తన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది కూడా ఇంకో పాత ఇంగ్లీషు నవలలోంచి తీసుకున్నదేనని కాలేజీలో ఉండగా తెలిసి వారం రోజులు మనసు మనసులో లేదని, ఇందులో ఎక్కడా ఆ మాట రాయలేదని మెల్లగా అన్నారు. ఆయన కోపం మొత్తం నా మీదది కాదని అప్పుడు తెలిసింది. నా పేరు కింద ఆయనే తన చేత్తో 'సుక్రి వాళ్ళ ఆయి చెప్పిన కథ, ఒక పాత నవల ఆధారం' అని రాసి పోటీకి పంపారు. సొంత ఊహ కాని కథలు తీసుకోం అని రాసి, తిరుగుటపాలో వెనక్కి పంపేశారు.

సముద్రం పోతే పోయింది. సుక్రి మాత్రం ముందుబెంచీకి తిరిగి రాలేదు. ఆ వేసవి తర్వాత దాన్ని వేరే ఆశ్రమ పాఠశాలలో వేశారు, మాకు బదిలీ అయింది. తర్వాత నేను చదివిన సైన్స్ ఫిక్షన్ అంతా అదే తంతు. ఒకాయన కాలయంత్రానికి ఇంకొకాయన చక్రాలు మారుస్తాడు, ఒకావిడ మరమనిషికి ఇంకొకావిడ కన్నీళ్ళు పెడుతుంది, అడుగున తవ్వితే ఏదో ఒక అమ్మమ్మ కథ తగులుతుంది. తీసుకోవడంలో సిగ్గులేదు, దాచడంలోనే ఉంది అని సభల్లో గొప్పగా చెబుతుంటాను.

పోయిన చలికాలం డుంబ్రిగుడ వెళ్ళాను. పెంకుల బడి లేదు, స్లాబు మేడ ఉంది. సంతలో పొట్లాలు కట్టే పుస్తకాలు లేవు, ప్లాస్టిక్ సంచులున్నాయి. వలిసెచేలలో టిక్కెట్టు పెట్టి ఫోటోలు తీయిస్తున్నారు. ఆయి పోయి చాలా ఏళ్ళయిందన్నారు. సుక్రి వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తోంది, జుట్టు నాకంటే ముందే నెరిసింది. కూకో అంది. గింజలు తిరగేస్తూనే అడిగింది.

"కొండలోకెల్లినోడి కత పుస్తకమేసావంట. మా పాప ఫోన్లో సూపింది. మా ఆయి పేరేసావా?"

ముందుమాటలో 'ఒక గిరిజన వృద్ధురాలు చెప్పిన కథ ఆధారంగా' అని రాసి, ఎంత నిజాయితీగా ఉన్నానో అని మురిసిపోయినదాన్ని. ఆ మాటే చెప్పాను.

"ఒక వృద్ధురాలేటి? ఆయి సచ్చిపోయేదాకా ఆ కత సెప్పింది. సెల్లెలు ముక్క ఒచ్చినప్పుడల్లా, ఇది నర్సమ్మ గుంట రాజేశ్వరిది అని సెప్పి, అప్పుడు సెప్పేది."

నా పేరు ఆ వాకిట్లో అన్నేళ్ళు వినిపించిందని నాకు తెలీదు. నేను మాత్రం ఆవిడ పేరు ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. నలుగురి ముందూ ఒప్పుకున్న రోజున కూడా అడగలేదు. ఇప్పుడు అడిగాను.

"ఆయి పేరేటి సుక్రీ?"

గింజలు తిరగేస్తున్న చెయ్యి ఆపి, వచ్చాక మొదటిసారి సుక్రి నన్ను సూటిగా చూసింది.

"సోమారం పుట్టినాది," అంది. "సోంబారి."