కోడలి పేర కారు

డెబ్భైల చివర, మేం అమెరికాలో, పార్సిప్పనీ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో, నేను మా ఆయన్ని అడిగింది ఒక్కటే. పాతదైనా సరే, నాకొక కారు. ఉన్న ఒక్క కారులో ఆయన ఆఫీసుకి వెళ్తే సాయంత్రం దాకా నాకు కాళ్లు లేనట్టే. కూరల కొట్టు మూడు మైళ్లు. బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలీదు. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, వచ్చిన ఏడాదే డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుని, కిటికీలోంచి పార్కింగ్ లాట్‌ని చూస్తూ కూర్చునేదాన్ని.

"ఎవడో వాడి పారేసిన కార్ మనకెందుకు? నేనే బిల్డ్ చేస్తాను, నీకోసం," అన్నారాయన.

ఆ "నీకోసం" అన్న ముక్క నమ్మాను చూడండి, అదీ నా తెలివి. ఈయన బాయిలర్ల మీద డాక్టరేట్ చేసిన మనిషి. ఇంట్లో కుళాయి కారితే మాత్రం అపార్ట్‌మెంట్ మేనేజర్‌కి ఫోన్ చేసేవారు.

ఆయనకి ఆఫీసులో ఎవరో ఒక క్యాటలాగు ఇచ్చారు. పాత బీటిల్ కారు కొని, పైభాగం ఊడదీసి, అడుగున మిగిలిన చట్రం మీద వాళ్లు పంపే ఫైబర్‌గ్లాస్ బాడీ బిగించాలి. బొమ్మలో ఎర్రగా, రేసు కారులా ఉంది. ఎత్తు నా నడుం దాకా. తలుపులు పక్కకి తెరుచుకోవు, పైకి లేస్తాయి. చీర కట్టుకున్న మనిషి అందులోకి ఎలా దిగాలి, దిగాక ఎలా లేవాలి అని అడిగితే, "డిటైల్స్ తర్వాత చూద్దాం" అన్నారు.

ఈలోగా మా అత్తగారి ఉత్తరం వచ్చింది. సిద్ధాంతిగారు జాతకం చూశారట. అబ్బాయికి వాహనగండం ఉందట. ఏ బండి కొన్నా కోడలి పేరనే కొనమన్నారట. బాయిలర్ల డాక్టరు గారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు పాత బీటిల్‌ని నా పేరున కొన్నారు. సైన్సు ఆఫీసులోనే వదిలేసి ఇంటికొస్తారు కాబోలు అనుకున్నాను.

రెండున్నరేళ్లు పట్టింది. అపార్ట్‌మెంట్ వెనక వరసలో ఒక గ్యారేజీ అద్దెకు తీసుకున్నాం. శనివారం అయితే చాలు, ఆయన స్నేహితులు నలుగురు వచ్చి కారు చుట్టూ నిలబడి సలహాలు చెప్పేవారు. ఒక్కడి చేతికీ మట్టి అంటేది కాదు. ఐదో కప్పు టీ తాగుతూ "బాసూ, సస్పెన్షన్ కొంచెం చూసుకో" అని వెళ్లిపోయేవారు. చలికాలంలో ఆ సిమెంటు నేల మీద పడుకుని టార్చి పట్టింది నేను. స్పానర్లు అందించింది నేను. ఆయన పారేసిన ప్రతి రసీదూ ఏరి బిస్కెట్ డబ్బాలో దాచింది నేను.

కారు ఇక అయిపోవచ్చిందనగా నాకు ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. పన్నెండు మైళ్లు. ఆరు వారాల్లో చేరాలి, పొద్దున్నే ఆరున్నరకి ఉండాలి. కారు ఉందా అని ఇంటర్వ్యూలో అడిగారు. ఉందని చెప్పాను. అబద్ధం కాదు. గ్యారేజీలో ఉంది, మారిన రూపానికి కాగితాలే ఇంకా రాలేదు.

ఇంటికొచ్చి సంతోషంగా చెబితే మా ఆయన అన్నారు: "కొత్త కార్‌ని ముందు నేను ఓ ఆర్నెల్లు డ్రైవ్ చేసి సెట్ చెయ్యాలి. ఇప్పుడున్న కార్ ఆఫీస్‌లో ఒకతనికి అమ్ముతానని మాటిచ్చేశాను. రెండు కార్లకి ఇన్సూరెన్స్ దండగ. నీ జాబ్ నెక్స్ట్ ఇయర్ చూద్దాంలే."

నాకు ఒళ్లు మండింది. అయినా, కాగితాలంటూ వస్తే కదా, అది ఎవరు నడుపుతారో తేలేది.

మోటారు వాహనాల ఆఫీసుకి ఇద్దరం వెళ్లాం. కౌంటర్లో పెద్దావిడ. మా ఆయన ముందుకు వంగి ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆవిడ కాగితాలు చూసి, ఓనర్ ఎవరని అడిగింది. నేనేనని చెప్పాను. అయితే ఓనరే చెప్పాలి, ఈ బండి నేనే తయారు చేయించానని ప్రమాణపత్రం మీద ఓనరే సంతకం పెట్టాలి అంది. చట్రం నంబరు ఎక్కడుంది? వెనక సీటు కింద. ఇంజిన్ నంబరు? జనరేటర్ కింద దిమ్మ మీద. టార్చి పట్టినదాన్ని నాకు తెలీదా? మా ఆయన పక్కనుంచి రెండుసార్లు అందుకోబోయారు. "సర్, నేను ఓనర్‌తో మాట్లాడుతున్నాను" అంది ఆవిడ. రసీదులు అడిగితే బిస్కెట్ డబ్బా మూత తీసి ఇచ్చాను.

తయారీ కంపెనీ పేరు రాయాల్సిన గడి దగ్గర మా ఆయన ఉండబట్టలేక, కారుకి తాను పెట్టుకున్న పేరొకటి చెప్పారు. దానికి ఇత్తడి బిళ్ల కూడా చేయించి ఉంచారు. ఆవిడ వినిపించుకోకుండా "హోమ్‌మేడ్" అని టైపు కొట్టింది. రెండున్నరేళ్ల ఇంజినీరింగ్‌కి దక్కిన పేరు, ఆవకాయ సీసా మీద రాసుకునే మాట. నవ్వు ఆపుకోలేక నేను కిటికీ వైపు తిరిగాను.

కారుని ట్రక్కు మీద ఎక్కించి తనిఖీకి పట్టుకెళ్తే, హెడ్‌లైట్లు నేలకి మరీ దగ్గరగా ఉన్నాయని తిప్పి పంపారు. శనివారం సలహాదారుల్లో ఒక్కడికీ ఈ సంగతి తట్టలేదు. మా ఆయన ముందు భాగం ఎత్తు పెంచితే, మోర ఎత్తి రంకె వేసే ఎద్దులా తయారైంది కారు. రెండోసారి పాసయింది.

తర్వాత ఇన్సూరెన్సు. నంబరు ప్లేటు కావాలంటే ఇన్సూరెన్సు చూపించాలి. ఇన్సూరెన్సు కావాలంటే, నంబరు లేని బండికి ఎలా ఇస్తాం అంటారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. మా ఆయన మూడు కంపెనీలకి ఫోన్ చేశారు. ఏ కంపెనీ కారు అని వాళ్లు అడగడం, హోమ్‌మేడ్ అని చెప్పలేక ఈయన నీళ్లు నమలడం. మూడోవాడు నవ్వాడట. దాంతో ఈయన అలిగి, టీవీ ముందు కూర్చున్నారు. నాకు ఉద్యోగంలో చేరడానికి తొమ్మిది రోజులుంది.

మర్నాడు ఫోన్ డైరెక్టరీ ముందేసుకుని ఒక్కొక్కళ్లకే చేశాను. పదకొండో నంబరు దగ్గర ఒక ముసలి ఏజెంటు కాగితాలు పట్టుకుని రమ్మన్నాడు. మంగలిషాపు పైన అతని ఆఫీసు. బస్సులో ఒళ్లో బిస్కెట్ డబ్బాతో వెళ్లాను. అతను అన్నీ చదివి, ఇలాంటి బళ్లు తీసుకునే కంపెనీ ఒకటుందనీ, అయితే పాలసీ ఓనర్ ఒక్కరికేననీ, ఇంకెవరు నడిపినా చెల్లదనీ చెప్పాడు. మా ఆయనకి స్పీడుగా నడిపినందుకు పోలీసులిచ్చిన జరిమానా టిక్కెట్లు రెండున్నాయి, అదీ అడ్డొచ్చింది. ప్లేటు చేతికి రాకుండానే ఇన్సూరెన్సు కార్డు ఇచ్చే దారి కూడా అతనికి తెలుసు.

"ఆరు నెలలయ్యాక మీవారిని కూడా చేర్చవచ్చు. ఈ ఫారం నింపి పంపండి చాలు," అన్నాడు. ఫారం తీసుకున్నాను. ఇంటికొచ్చి, వంటింటి అలమరలో పప్పుల డబ్బాల కింద పరిచిన కాగితం ఎత్తి, దాని అడుగున పెట్టాను. తర్వాత మా ఆయన్ని పిలిచి పాలసీ చూపించాను.

చదివారు. మళ్లీ చదివారు. "అంటే నేను డ్రైవ్ చెయ్యకూడదా?"

"గండం కదండీ," అన్నాను.

ఆఫీసులో ఇచ్చిన మాట వెనక్కి తీసుకుని, ఉన్న కారు ఆయనే ఉంచుకున్నారు. ఉద్యోగంలో చేరే రోజు పొద్దున ఆయన గ్యారేజీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. జేబురుమాలుతో అద్దం తుడిచారు. నేను ప్యాంటు వేసుకున్నాను, ఆ కారుకి మరో దారి లేదు. "కాంప్లెక్స్ బయట ఒక్క రౌండ్ వేసి ఇచ్చేస్తాను," అన్నారు. ఇన్సూరెన్సు లేదండీ అన్నాను. చట్టమంటే భయం మనిషికి. పక్కకి జరిగారు. మొదటి గేరులో కుదుపుతూ బయటికొచ్చి పెద్దరోడ్డెక్కాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా లేదు.

నాలుగేళ్లు నడిపాను. వర్షంలో తలుపు పై నుంచి కారేది, హీటరు మనసొస్తే పనిచేసేది, కానీ ఒక్కరోజూ నన్ను దారిలో దింపలేదు. ఆర్నెల్లయింది, ఏడాదయింది. ఆయన అడగలేదు, ఫారం సంగతి నేను చెప్పలేదు. ఆదివారాలు మాత్రం గ్యారేజీలో దాని కింద దూరి ఏదో ఒకటి బిగిస్తూ ఉండేవారు.

ఇల్లు మారేటప్పుడు దాన్ని అమ్మేశాం. కొన్నవాడు ట్రెయిలర్ తెచ్చి వీధిలో ఆపాడు. "నేను ఎక్కిస్తాను," అన్నారు మా ఆయన. గ్యారేజీ నుంచి రోడ్డు మీదికి తెచ్చి, మెల్లగా పలకల మీదుగా పైకెక్కించారు. ముప్ఫై అడుగులు ఉంటుందేమో. తాను కట్టిన కారుని రోడ్డు మీద ఆయన నడిపింది అంతే.

దిగి, చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "ఇన్నేళ్లు బాగానే నడిచిందా?" అని అడిగారు.

ఆ కారు గురించి ఆయన నా అభిప్రాయం అడగడం అదే మొదలు. 

"చాలా బాగా నడిచిందండీ," అన్నాను. అది నిజం. ఆయన తలూపి, ఆ బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డారు. నేను లోపలికి వెళ్లి, ఆయన చూడకముందే అలమరలోంచి పప్పుల డబ్బాలు దింపి, అడుగున పరిచిన కాగితం ఎత్తాను.